అర్ధాయువు ఆరు గంటలైతే పన్నెండు గంటలకు అంతా పోయినట్టేనా?

శారద, వేళచ్చేరి:

అందరికీ నమస్కారం. మా అత్తగారు నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో మా ఇంట్లో ఉంటున్నారు. నడుము నొప్పి ఎంతకీ తగ్గకపోవడంతో పోయిన మంగళవారం ఇక్కడి ఒక ఆసుపత్రిలో ఆవిడకు బోన్ స్కాన్ తీయించాము. ఉదయం 10 గంటలకు చేతి నరానికి టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు ఇంజెక్షన్ ఇచ్చి, మూడు గంటల పాటు నీళ్లు తాగిస్తూ కూర్చోబెట్టి, ఒంటి గంటకు స్కాన్ చేశారు. పంపించేటప్పుడు అక్కడి అబ్బాయి రేపటి వరకు చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వవద్దని తమిళంలో ఒక్క ముక్క చెప్పి, తరువాతి పేషెంటును పిలిచాడు. ఎందుకని అడిగితే అంతా కాగితంలో ఉందన్నాడు. తీరా చూస్తే కాగితంలో ఉన్నది "టెక్నీషియం-99ఎం, 20 మిల్లీక్యూరీలు" అన్న ఒక్క వరుసే.

మా ఆడపడుచు కొడుక్కి రెండేళ్లు. ఆ రోజు వాడూ ఇక్కడే ఉన్నాడు. అమ్మమ్మ ఒడి తప్ప వాడికి ఇంకో చోటు పట్టదు. మూసిన గది తలుపు మీద అరచేతులతో కొడుతూ సాయంత్రమంతా ఏడ్చాడు. ఆ మందు అర్ధాయువు, అంటే సగం తరిగిపోయే కాలం, ఆరు గంటలే కాబట్టి సాయంత్రం నాలుగుకు సగం, రాత్రి పదికి మిగతా సగం పోతుందని, పది దాటితే తలుపు తీయవచ్చని మా వారు లెక్క చెప్పారు. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి అది తప్పనీ, పదికి నాలుగో వంతు మిగిలే ఉంటుందనీ వాదించింది. సూత్రం రాసి చూపించింది కానీ, తొలి సగం పోవడానికి ఆరు గంటలే చాలినప్పుడు మలి సగానికి అవే ఆరు గంటలు ఎందుకు చాలవని నేను అడిగితే సమాధానం చెప్పలేకపోయింది. నాకు కావలసింది సూత్రం కాదు, ఆ కారణం.

ఇంకొక సందేహం కూడా ఉంది. మా కింది వాటాలో ఉండే ఆవిడకు కొన్నేళ్ల కిందట థైరాయిడ్ కోసం రేడియో అయోడిన్ ఇచ్చినప్పుడు, ఆవిడను ప్రత్యేకమైన గదిలో కొన్ని రోజులు ఉంచారట. రెండూ రేడియేషనే అయినప్పుడు ఒకరికి ఒక్క రోజు, ఇంకొకరికి అన్ని రోజులు ఎందుకు? ఆల్ఫా, బీటా, గామా అని పుస్తకంలో ఉన్న పేర్లకూ దీనికీ సంబంధం ఏమిటి?

లెక్కల పంతులు, పెరంబూరు:

శారద గారూ, మీ అమ్మాయి చెప్పినదే సరైన లెక్క. ఉదయం 10కి ఉన్నదానిలో సాయంత్రం 4కు సగం, రాత్రి 10కి నాలుగో వంతు, తెల్లవారుజామున 4కు ఎనిమిదో వంతు, మరునాడు ఉదయం 10కి పదహారో వంతు మిగులుతాయి. ఇక మీరు అడిగిన కారణం విషయానికి వస్తే, నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా తరగతిలో ఈ ప్రశ్న అడిగినవారు చాలా తక్కువ.

మనం తెలియకుండానే పరమాణువును మనిషిలాగా, లేదా దీపంలోని నూనెలాగా ఊహించుకుంటాము. నూనె గంటకు ఇంత అని ఖర్చవుతుంది కాబట్టి సగం అయిపోవడానికి పట్టిన కాలమే మిగతా సగానికీ పడుతుంది. మనిషికి వయసు మీద పడుతుంది కాబట్టి ఎనభై ఏళ్లవాడు వచ్చే ఏడాది ఉండకపోయే అవకాశం ఇరవై ఏళ్లవాడికంటే ఎక్కువ. రేడియోధార్మిక పరమాణువు నడుమ ఉండే కేంద్రకం ఈ రెండు కోవలకూ చెందదు. దానికి ముసలితనం లేదు, అరుగుదల లేదు, తాను ఎంతకాలంగా ఉన్నానన్న జ్ఞాపకమూ లేదు. టెక్నీషియం-99ఎం కేంద్రకం ఏదైనా సరే, రానున్న ఒక్క సెకనులో విఘటనం చెందే, అంటే కిరణం వదిలి మారిపోయే, అవకాశం సుమారు 31 వేలలో ఒకటి. నిన్న పుట్టిన కేంద్రకానికీ అంతే, క్షణం క్రితం పుట్టినదానికీ అంతే. కాబట్టి మొదటి ఆరు గంటలు గట్టెక్కిన కేంద్రకం ఆ ఆరు గంటల వల్ల ఏమాత్రం బలహీనపడదు. దానికి మళ్లీ సరికొత్తగా ఆరు గంటల పరీక్ష మొదలవుతుంది, ఆ పరీక్షలోనూ గట్టెక్కే అవకాశం మళ్లీ సగానికి సగమే.

ఒక్కొక్క కేంద్రకానికి లేని క్రమం గుంపుకు ఎలా వస్తుందో చూడాలంటే మీ ఇంట్లో ఉన్న రూపాయి బిళ్లలు చాలు. ఒక 64 బిళ్లలు డబ్బాలో వేసి కుదిపి నేల మీద పోయండి. బొమ్మ పడినవాటిని తీసి పక్కన పెట్టి, మిగిలినవాటితోనే మళ్లీ అలాగే చేయండి. ఏ బిళ్ల ఎప్పుడు బయటికి పోతుందో ఎవరూ చెప్పలేరు, కానీ ప్రతి విసురుకూ సుమారు సగం పోతాయని ముందే చెప్పవచ్చు. మొదటి విసురులో ఇంచుమించు 32 పోయాయి కదా అని రెండో విసురులోనూ 32 పోవు. ఎందుకంటే విసరడానికి మిగిలినవే 32. మీ వారి లెక్కలో జరిగిన పొరపాటు ఇదే. ఒక్కో ఆరు గంటలకు పోయేది మొదటి మొత్తంలో సగం కాదు, ఆ పూట మిగిలి ఉన్నదానిలో సగం.

మా చిన్నప్పుడు అష్టాచెమ్మా గవ్వలతో ఈ ప్రయోగం చేయించిన మాస్టారు ఒకరు ఉండేవారు. గవ్వ బోర్లా పడే అవకాశమూ వెల్లకిలా పడే అవకాశమూ సమానం కావు కదా సార్ అని నేను అడ్డం తిరిగితే, మంచిదే, అప్పుడు అర్ధాయువు మారుతుంది, నియమం మారదు అన్నారు. అప్పుడు అర్థం కాలేదు కానీ అసలు సంగతంతా అందులోనే ఉంది. విసురుకు పోయే అవకాశం ఎక్కువగా ఉన్న కేంద్రకానికి అర్ధాయువు సెకన్లలో ఉంటుంది, తక్కువగా ఉన్నదానికి కోట్ల సంవత్సరాల్లో ఉంటుంది. ఆ అవకాశం వేడి చేసినా, ఆమ్లంలో కరిగించినా, ఇంకో మూలకంతో కలిపి సమ్మేళనంగా మార్చినా దాదాపుగా మారదు. రసాయన చర్యలన్నీ బయటి ఎలక్ట్రాన్ల వ్యవహారమే తప్ప లోపలి కేంద్రకం దాకా పోవు.

పిల్లలు తరచుగా చేసే ఇంకొక పొరపాటు కూడా చెబుతాను. 10 గ్రాముల కోబాల్ట్-60 తీసుకుంటే 5.27 సంవత్సరాల తరువాత సీసాలో 5 గ్రాములే ఉంటుందని రాస్తారు. సీసా బరువు దాదాపు 10 గ్రాములే ఉంటుంది. 5 గ్రాములు కోబాల్ట్‌గా మిగిలి, తక్కిన 5 గ్రాములు నికెల్-60గా మారి అదే సీసాలో ఉంటుంది. విఘటనం అంటే మాయమవడం కాదు, వేరొకటిగా మారడం. 1902లో రూథర్‌ఫర్డ్, సాడీ ఈ మాట చెప్పినప్పుడు, ఒక మూలకం ఇంకొక మూలకంగా మారుతుందన్న ఊహ రసవాదుల పిచ్చిగా కొట్టివేసిన సంగతి కాబట్టి వాళ్లు చాలా ఆచితూచి చెప్పవలసి వచ్చింది.

స్కాన్ గది నుంచి, అన్నానగర్:

నేను ఇదే ఊళ్లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో టెక్నాలజిస్టుగా పని చేస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పి పంపించేయడం మా వృత్తిలో ఉన్న పెద్ద లోపం, దానికి మా తరఫున చింతిస్తున్నాను. ఉదయం ఎనిమిదికి మొదలైన వరుస మధ్యాహ్నానికి కూడా తరగని రోజుల్లో నేనూ అలాగే చెప్పి ఉంటాను.

మీ అత్తగారికి ఇచ్చిన మందు అంత దూరం ఎక్కడి నుంచో రాలేదు, ఆ తెల్లవారుజామునే ఆసుపత్రిలోనే తయారై ఉంటుంది. అర్ధాయువు ఆరు గంటలే అయిన పదార్థాన్ని వారం రోజులకు సరిపడా కొని దాచుకోవడం సాధ్యం కాదు కదా. అందుకని మాకు వచ్చేది దాని తల్లి, అంటే 66 గంటల అర్ధాయువు ఉన్న మాలిబ్డినం-99. సీసం కవచం లోపల అల్యూమినా నింపిన చిన్న గొట్టంలో మాలిబ్డినం అతుక్కుని ఉంటుంది. అది బీటా కణాన్ని విడుస్తూ టెక్నీషియంగా మారుతూనే ఉంటుంది. ప్రతి ఉదయం ఆ గొట్టం గుండా సెలైన్ నీళ్లు పంపితే టెక్నీషియం ఆ నీటిలోకి దిగి వస్తుంది, మాలిబ్డినం అక్కడే ఉండిపోతుంది. మేము దీనిని ఆవు పాలు పితకడం అంటాము. పితికిన తరువాత పొదుగు మళ్లీ నిండడానికి సుమారు ఒక రోజు పడుతుంది. వారం చివరికి పాలు పలచబడతాయి, అప్పుడు కొత్త ఆవు రావాలి. ఆ నీటికి ఎముకలు ఇష్టపడే ఫాస్ఫేటు జాతి మందును కలిపితే అది ఎముకల్లోకి చేరుతుంది. ఎక్కడ ఎముక చురుకుగా మరమ్మతు జరుపుకుంటోందో అక్కడ ఎక్కువగా చేరుతుంది. మూడు గంటలు కూర్చోబెట్టి నీళ్లు తాగించేది ఎముకలకు పట్టని మందు మూత్రంలో పోవడానికే.

ఇక కిరణాల సంగతి. పేరు చివర ఉన్న "ఎం" అన్న అక్షరాన్ని గమనించండి. ఇందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉండవలసినన్ని ఉన్నాయి, కానీ కేంద్రకం అదనపు శక్తితో కొంతకాలం ఆగిపోయిన స్థితిలో ఉంది. ఆ శక్తిని 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణంగా వదిలి నెమ్మదిస్తుంది. గామా అంటే వెలుగు జాతికి చెందిన కిరణమే, మనం చూడలేనంత శక్తి గలది. దానికి బరువు లేదు, విద్యుదావేశం లేదు, అందువల్ల శరీరం నుంచి చాలా భాగం బయటికి వచ్చేస్తుంది. బయట ఉన్న గామా కెమెరాలోని సోడియం అయోడైడ్ స్ఫటికం దానిని పట్టుకుని బొమ్మ గీస్తుంది. బయటికి వచ్చే గుణమే బొమ్మకు ఆధారం, అదే గుణం వల్ల ఒడిలో కూర్చున్న పిల్లవాడికి కూడా కొంత తగులుతుంది.

అయోడిన్-131 పని వేరు. అది గామాతో పాటు బీటాను కూడా వదులుతుంది. బీటా అంటే కేంద్రకంలోని ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారేటప్పుడు బయటికి దూసుకువచ్చే ఎలక్ట్రాన్. దానితో పాటు దాదాపు దేనికీ పట్టుబడని యాంటీన్యూట్రినో అనే కణం కూడా పోతుంది. ఆ ఎలక్ట్రాన్ కండరంలో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పోలేదు, పోయిన మేరా పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతూ పోతుంది. అంటే దెబ్బంతా చేరిన చోటే. అయోడిన్‌ను థైరాయిడ్ గ్రంథి వెతికి మరీ పోగుచేసుకుంటుంది కాబట్టి, చికిత్సకు కావలసిన దెబ్బ ఆ గ్రంథికే పడుతుంది. వెంట వచ్చే 364 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా మాత్రం బయటికి వస్తుంది, పైగా అర్ధాయువు 8 రోజులు, ఇచ్చే మోతాదు కూడా స్కాన్‌కు ఇచ్చేదానికంటే చాలా ఎక్కువగా ఉండవచ్చు. మీ కింది వాటా ఆవిడను ప్రత్యేక గదిలో ఉంచడానికి ఇవే కారణాలు.

ఒక సవరణ కూడా చేయాలి. పంతులుగారు చెప్పిన పదహారో వంతు లెక్క సీసాలో ఉంచిన మందుకు సరిపోతుంది. శరీరంలో ఉన్న మందు విఘటనం వల్లనే కాక మూత్రం ద్వారా కూడా పోతుంది కాబట్టి మీ అత్తగారి విషయంలో మరునాడు ఉదయానికి మిగిలింది పదహారో వంతుకంటే బాగా తక్కువ. ఎంతసేపు దూరంగా ఉండాలన్నది మాత్రం మందును బట్టి, మోతాదును బట్టి ఆసుపత్రి చెప్పినదే పాటించాలి. అర్థం కాకపోతే ఫోన్ చేసి అడిగే హక్కు మీకు ఉంది.

మైలాపూర్ మామి:

నా ఇంటి పేరు తెలుగే, ఈ పేరు ఇక్కడి స్నేహితులు పెట్టింది. మధ్యలో ఒక చిన్న ప్రశ్న అడుగుతున్నందుకు మన్నించండి. మా వారికి నిన్న సీటీ స్కాన్ చేస్తూ చేతికి అయోడిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. నెలలు నిండిన మా కోడలిని పుట్టింటికి పంపించేశాము. తొందరపడ్డామా?

స్కాన్ గది నుంచి, అన్నానగర్:

ఆ కారణంతో పంపవలసిన అవసరం లేదమ్మా. సీటీకి వాడే అయోడిన్ మామూలు అయోడిన్, రేడియోధార్మికత లేనిది. ఎక్స్‌రేలను అడ్డుకుని రక్తనాళాలు బొమ్మలో స్పష్టంగా కనిపించేలా చేయడమే దాని పని. ఎక్స్‌రే కేంద్రకం నుంచి రాదు, యంత్రం నుంచి వస్తుంది. స్విచ్చి ఆపితే గదిలో దీపం వెలుగు పోయినట్టే పోతుంది, గోడల్లోనూ ఒంట్లోనూ మిగలదు. ఎమ్మారై, అల్ట్రాసౌండ్ పరీక్షల్లో అయితే ఈ జాతి కిరణాల ప్రసక్తే లేదు. ఒంట్లోకి రేడియోధార్మిక పదార్థం పోవడం వేరు, కిరణం ఒంటి గుండా పోవడం వేరు. కోబాల్ట్-60 గామా కిరణాలతో శుద్ధి చేసిన సిరంజీలను మేము రోజూ వాడుతాము. ఆ సిరంజీలు రేడియోధార్మికం కావు.

శారద, వేళచ్చేరి:

ఎంతో ఓపికగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. హుండీ పగలగొట్టి మా అమ్మాయి నిన్న రాత్రి 64 బిళ్లలతో ప్రయోగం చేసింది. మొదటి విసురుకు 35 మిగిలాయి, తరువాత 16, తరువాత 9, ఆపైన 3. ఆ మూడూ రెండు విసురుల దాకా అలాగే మొండికేశాయి, ఆ తరువాత ఒకేసారి మూడూ పోయాయి. గుంపు పెద్దగా ఉన్నప్పుడు కుదిరిన లెక్క చివరి మూడు బిళ్లల దగ్గర కుదరలేదేమని మా వారు అడిగారు. తన లెక్క తప్పయినందుకు ఆయనకు ఇంకా కొంచెం ఉక్రోషంగానే ఉంది.

మా అత్తగారికి ఇదంతా తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ విని, మరి ఆల్ఫా సంగతి ఎవరూ చెప్పలేదే అన్నారు. నిజమే, మూడు పేర్లలో మొదటిదే మిగిలిపోయింది. ఇంకొకటి, టెక్నీషియం నెమ్మదించిన తరువాత ఏమవుతుంది? వేరొకటిగా మారడమే విఘటనం అన్నారు కదా, ఆ వేరొకటి ఇప్పుడు ఆవిడ ఒంట్లోనే ఉందా?

కల్పాక్కం పాత కాపు:

నేను చెన్నైకి దక్షిణాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న కల్పాక్కం అణు కేంద్రంలో ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు తాంబరంలో ఉంటున్నాను. మీ అత్తగారు అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంది కాబట్టి దాని దగ్గరే మొదలుపెడతాను.

ఆవిడది నెల్లూరంటున్నారు కాబట్టి పాతకాలపు పెళ్లి ఊరేగింపుల్లో నెత్తిన పెట్రోమాక్స్ లైట్లు మోసుకుంటూ నడిచేవారిని చూసే ఉంటారు. ఆ లైటులో తెల్లగా వెలిగే గుడ్డ సంచి లాంటి మాంటిల్ ఉండేది. దానిని కట్టి ఒకసారి కాలిస్తే నూలు బూడిదై పోయి, వేలు తగిలితే రాలిపోయే తెల్లని జల్లెడ మాత్రమే మిగిలేది. ఆ జల్లెడ థోరియం ఆక్సైడు. థోరియం-232 ఆల్ఫా కణాన్ని వదిలే పదార్థం. ఆల్ఫా అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసిన ముద్ద, అంటే హీలియం కేంద్రకమే. బీటాకంటే ఏడు వేల రెట్లకు పైగా బరువు. బరువైనది, రెండింతల ఆవేశం కలది కావడం వల్ల దారిలో ప్రతి పరమాణువునూ ఢీకొని, గాలిలో కొద్ది సెంటీమీటర్లకే ఆగిపోతుంది. కాగితం ముక్క అడ్డం పెట్టినా, ఒంటి మీది మృతచర్మం పొర అడ్డమున్నా దాటలేదు. అందుకే లైటు మోసినవారికి ఆల్ఫా వల్ల భయం లేదు. కానీ రాలిన ఆ బూడిదను పీల్చితే కథ మారుతుంది. ఊపిరితిత్తుల లోపల మృతచర్మం ఉండదు, ఆ కొద్ది దూరంలోనే ఆల్ఫా తన శక్తినంతా బతికున్న కణాల మీద కుమ్మరిస్తుంది. ఒంటి బయట ఉంటే గామాకు భయపడాలి, ఒంటి లోపలికి పోతే ఆల్ఫాకు ఎక్కువ భయపడాలి అని మాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్పేవారు.

థోరియం అర్ధాయువు సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. అంటే ఈ విశ్వం పుట్టినప్పటి నుంచి ఒక చోట థోరియం ఉండి ఉంటే, అందులో ఇప్పటికి సగం కూడా మారి ఉండేది కాదు. చాలామంది అర్ధాయువు ఎంత ఎక్కువైతే అంత ప్రమాదమని అనుకుంటారు, పత్రికల్లో కూడా అలాగే రాస్తారు. ఒకే సంఖ్యలో పరమాణువులను తీసుకుంటే అర్ధాయువు ఎక్కువగా ఉన్నదే నెమ్మదిగా కిరణాలు వదులుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వే యురేనియం-238 అర్ధాయువు సుమారు 447 కోట్ల సంవత్సరాలు. అది ఒక గ్రాము ఉంటే సెకనుకు సుమారు 12,400 విఘటనాలు జరుగుతాయి. మేరీ క్యూరీ, పియరీ క్యూరీ 1898లో కనిపెట్టిన రేడియంలో, 1,600 సంవత్సరాల అర్ధాయువు ఉన్న రేడియం-226 ఒక గ్రాము తీసుకుంటే సెకనుకు సుమారు 3,700 కోట్లు. క్యూరీ అన్న కొలత అక్కడి నుంచి వచ్చిందే. మీ కాగితంలోని 20 మిల్లీక్యూరీలంటే సెకనుకు 74 కోట్ల విఘటనాలు. సెకనుకు ఒక విఘటనాన్ని ఇప్పుడు ఒక బెకరెల్ అంటున్నారు. 1896లో యురేనియం లవణాల నుంచి వచ్చే కిరణాలను మొదట గమనించినవాడి పేరు అది.

థోరియం ఒక్క దూకులో స్థిరపడదు. ఆల్ఫా పోతే ఆవర్తన పట్టికలో రెండు గళ్లు వెనక్కి, బీటా పోతే ఒక గడి ముందుకు జరుగుతుంది. పరమపద సోపాన పటంలో పాములూ నిచ్చెనలూ ఉన్నట్టే. అలా ఆరు ఆల్ఫాలు, నాలుగు బీటాలు వదిలి చివరికి సీసం-208 దగ్గర ఆగుతుంది. లెక్క మీ అమ్మాయిని సరిచూడమనండి. ద్రవ్యరాశి సంఖ్య 232 నుంచి ఆరు నాలుగులు 24 తీసేస్తే 208. పరమాణు సంఖ్య 90 నుంచి 12 తీసి 4 కలిపితే 82, అది సీసమే. ఈ దారి మధ్యలో రేడాన్-220 అనే వాయువు ఒక గడి. దాని అర్ధాయువు సుమారు 56 సెకన్లు. పంతులుగారు చెప్పిన రూథర్‌ఫర్డ్, కెనడాలోని మాంట్రియల్‌లో ఉండగా, ప్రతి నిమిషానికీ సుమారు సగం తగ్గిపోయే వింత గుణాన్ని గమనించింది థోరియం నుంచి వెలువడే ఈ వాయువులోనే. అర్ధాయువు అన్న భావన అక్కడే పుట్టింది. ఆల్ఫా, బీటా అన్న పేర్లు 1899లో ఆయన పెట్టినవే. గామా కిరణాలను 1900లో ఫ్రాన్సులో విల్లార్డ్ కనిపెట్టారు.

మా దగ్గర నాలుగో రకం కూడా ఉండేది, న్యూట్రాన్లు. ఆవేశం లేనివి కాబట్టి సీసం గోడ వాటికి పెద్ద అడ్డు కాదు, నీరు, కాంక్రీటు, పారఫిన్ మైనం లాంటి హైడ్రోజన్ ఉన్నవే వాటిని నిదానింపజేస్తాయి. సిరంజీల గురించి పైన చెప్పినది గామాకు నిజం, న్యూట్రాన్లకు నిజం కాదు. న్యూట్రాన్ తగిలిన పదార్థం రేడియోధార్మికం కావచ్చు. మామూలు కోబాల్ట్-59 రియాక్టరులో న్యూట్రాన్ మింగితేనే కోబాల్ట్-60 అవుతుంది. యురేనియం-238 ఒక న్యూట్రాన్ మింగి యురేనియం-239 అయి, 23 నిమిషాల అర్ధాయువుతో బీటా వదిలి నెప్ట్యూనియం-239 అయి, రెండు రోజుల పైచిలుకు అర్ధాయువుతో ఇంకో బీటా వదిలి ప్లుటోనియం-239 అవుతుంది. 1985లో కల్పాక్కంలో మొదలైన ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టరు, అంటే నడుస్తూనే కొత్త ఇంధనంగా ప్లుటోనియంను పుట్టించే రకం రియాక్టరు, వెనుక ఉన్న ఆలోచనంతా ఈ రెండు బీటాల మీదే నిలబడి ఉంది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం మా జేబుకు ఒక బ్యాడ్జి ఉండేది. లోపల మూడు చిన్న బిళ్లలు. ఒకదాని మీద లోహపు మూత, ఒకదాని మీద ప్లాస్టిక్ మూత, మూడోదాని ముందు ఏ మూతా లేని కిటికీ. లోహాన్ని దాటివచ్చి మూడింటి మీదా పడితే గామా, కిటికీ ఉన్న బిళ్ల మీదే ఎక్కువగా పడితే బీటా. తరువాత ప్రయోగశాలలో ఆ బిళ్లలను వేడి చేస్తే, పడిన కిరణాల శక్తిని బట్టి అవి వెలుగు చిమ్ముతాయి, ఆ వెలుగును కొలిచి మోతాదు లెక్కకడతారు. ఆల్ఫాను ఈ బ్యాడ్జి పట్టుకోలేదు. దానికోసం బయటికి వచ్చే ముందు చేతులూ కాళ్లూ యంత్రంలో పెట్టి చూపించుకోవాలి. భోజనానికి తొందరగా ఉన్న రోజు ఆ వరుసలో నిలబడినప్పుడు కలిగే విసుగు ఇంకా గుర్తుంది.

ఇక టెక్నీషియం ఏమవుతుందన్న ప్రశ్న. గామా వదిలిన టెక్నీషియం-99ఎం, "ఎం" పోగొట్టుకుని టెక్నీషియం-99 అవుతుంది. అదీ రేడియోధార్మికమే, బీటా వదులుతూ రుథీనియం-99గా మారుతుంది, దాని అర్ధాయువు సుమారు 2,11,000 సంవత్సరాలు. ఈ సంఖ్య చూసి కంగారు పడవద్దు, పైన చెప్పిన సూత్రం పెట్టి లెక్క వేద్దాము. సెకనుకు 74 కోట్లు, ఒక్కో సెకనుకు 31 వేలలో ఒకటి చొప్పున పోతున్నాయంటే ఇంజెక్షన్‌లో ఉన్న టెక్నీషియం-99ఎం పరమాణువులు సుమారు 23 లక్షల కోట్లు. అవన్నీ టెక్నీషియం-99గా మారి, ఒక్కటి కూడా మూత్రంలో పోలేదనే అనుకున్నా, అంత దీర్ఘమైన అర్ధాయువుతో వాటి నుంచి వచ్చేది సెకనుకు రెండు మూడు విఘటనాలు మాత్రమే. 74 కోట్ల నుంచి రెండు మూడుకు. పాలు పితికేటప్పుడు అప్పటికే మారిపోయిన టెక్నీషియం-99 కొంత కలిసి వస్తుంది, దానిని కలుపుకున్నా ఈ లెక్క స్వరూపం మారదు.

దీనిని దేనితో పోల్చాలంటే, మనం తినే అరటిపండు, కందిపప్పు, కొబ్బరినీళ్లు అన్నింటిలోనూ పొటాషియం ఉంటుంది. ప్రకృతిలోని పొటాషియంలో పది వేల పరమాణువులకు ఒకటికి కొంచెం పైగా పొటాషియం-40. దాని అర్ధాయువు సుమారు 125 కోట్ల సంవత్సరాలు. పెద్దవారి ఒంట్లో దాని వల్ల సెకనుకు సుమారు నాలుగు వేల విఘటనాలు పుట్టినప్పటి నుంచీ జరుగుతూనే ఉంటాయి. ఇది కాక నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలిలోని రేడాన్ నుంచి వచ్చేది వేరే. అన్నీ కలిపి ఒంటికి తగిలే మోతాదు ప్రపంచ సగటున ఏడాదికి సుమారు రెండు మూడు మిల్లీసీవర్టులు.

మీ వారు చివరి మూడు బిళ్లల గురించి అడిగింది న్యాయమైన ప్రశ్నే. మూడు బిళ్లలకు అర్ధాయువు అన్న మాట దాదాపు వర్తించదు. ఆ నియమం గుంపుకు సంబంధించినది. 23 లక్షల కోట్లలో సగమంటే సగమే, ముగ్గురిలో సగమంటే ఎవరు చెప్పగలరు?

శారద, వేళచ్చేరి:

చాలా సంతోషం సార్. పెట్రోమాక్స్ మాట వినగానే మా అత్తగారు లేచి కూర్చున్నారు. ఆవిడ పెళ్లికి ఊరేగింపులో ఎనిమిది లైట్లు పెట్టారట, దారిలో ఒకటి ఆరిపోతే మాంటిల్ మార్చేదాకా బండిని ఆపారట. పిల్లవాడి సంగతి చెప్పడం మరిచాను. పదికి తీయవచ్చని మా వారు అన్నా తలుపు తీయలేదు. మరునాడు ఉదయం పదిన్నరకు తీశాము. అప్పటికి వాడు అలిగి, అమ్మమ్మ ఒడిలోకి వెళ్లనని మొండికేశాడు. వాడిని దారికి తేవడానికి మధ్యాహ్నమైంది.